లా డిగ్రీలో చేరాలంటే పాఠశాలలో ఏ సబ్జెక్టులు ఎంచుకోవాలి?

వైద్యం చదవాలంటే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం తప్పవు. ఇంజినీరింగ్‌కు గణితం, భౌతికశాస్త్రం తప్పవు. న్యాయశాస్త్రానికి మాత్రం అలాంటి జంట ఏదీ లేదు. చాలా దేశాల్లో లా కోర్సు అర్హత నిబంధనల్లో ఫలానా సబ్జెక్టు చదివి ఉండాలన్న మాటే కనిపించదు. కనిపించినా అది ఎక్కువగా భాషకు సంబంధించినదే అయి ఉంటుంది. విద్యార్థులు పొరబడేది ఈ వెసులుబాటు వల్లనే. ఏది చదివినా ఫరవాలేదు కదా అని కొందరు ఆలోచించకుండానే ఎంచుకుంటారు. లాయరు కావాలంటే సాంఘికశాస్త్రాలే చదవాలన్న నమ్మకంతో మరికొందరు తమకు బాగా వచ్చే గణితాన్నో సైన్సునో వదిలేసుకుంటారు. రెండో తప్పే ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే దాని ఫలితం నేరుగా మార్కుల్లో కనిపిస్తుంది.

ఏ సబ్జెక్టులు తీసుకోవాలన్న ప్రశ్నలో నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. దరఖాస్తు పెట్టుకోవడానికి కనీస అర్హత ఏమిటన్నది మొదటిది. అర్హులైన వేలమందిలో సీటు ఎవరికి దక్కుతుందన్నది రెండవది. చేరిన తర్వాత వందల పేజీల తీర్పులు చదివి, వాటిపై సొంతంగా వాదన రాయగల సత్తా ఏ చదువు వల్ల వస్తుందన్నది మూడవది. ఒకదాని జవాబును మరొకదానికి అంటగట్టడం వల్లనే సబ్జెక్టుల విషయంలో విద్యార్థులకు పరస్పర విరుద్ధమైన సలహాలు అందుతుంటాయి. అర్హత నిబంధన ఏ సబ్జెక్టునూ అడగనంత మాత్రాన పోటీలోనూ, తరగతి గదిలోనూ అన్ని సబ్జెక్టులూ ఒకే విధంగా ఉపయోగపడతాయని కాదు.

మొదట తేల్చుకోవలసినది దేశం

లా డిగ్రీలో ఎప్పుడు చేరవచ్చన్న విషయంలో దేశాల మధ్య మౌలికమైన తేడా ఉంది. ఇంగ్లండులో పాఠశాల చదువు ముగియగానే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. దక్షిణాఫ్రికాలో ఎల్‌ఎల్‌బీ నాలుగేళ్లు. భారతదేశంలో పన్నెండో తరగతి తర్వాత ఐదేళ్ల సమీకృత కోర్సు, ఏదైనా డిగ్రీ పూర్తయ్యాక మూడేళ్ల కోర్సు అని రెండు దారులున్నాయి. అమెరికాలో న్యాయవిద్య పట్టభద్రులకే పరిమితం. ముందు బ్యాచిలర్ డిగ్రీ, ఆ తర్వాత జేడీ అనే మూడేళ్ల లా డిగ్రీ. కెనడాలోనూ సాధారణంగా కొన్నేళ్ల విశ్వవిద్యాలయ చదువు అయ్యాకే లా స్కూలు ద్వారం తెరుచుకుంటుంది, అయితే క్యూబెక్‌లో సివిల్ లా (ఫ్రెంచి సంప్రదాయపు చట్టం) కోర్సులకు, పాఠశాలకూ విశ్వవిద్యాలయానికీ నడుమ ఉండే సీజెప్ కళాశాల చదువు ముగించినవారు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో ఒకే దేశంలో రెండు పద్ధతులూ నడుస్తున్నాయి: చాలా విశ్వవిద్యాలయాలు పాఠశాల నుంచి వచ్చినవారిని ఎల్‌ఎల్‌బీలోకి తీసుకుంటుండగా, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పట్టభద్రులకు జేడీ మాత్రమే బోధిస్తోంది.

పట్టభద్రుల దారిలో వెళ్లేవారికి పాఠశాల సబ్జెక్టులు లా స్కూలుతో నేరుగా ముడిపడవు. అవి మొదటి డిగ్రీకి కావలసిన సబ్జెక్టులు మాత్రమే. ఆ మొదటి డిగ్రీ కూడా ఇదే కావాలన్న నియమం లేదు. లా చదువుకు ముందు ఫలానా సబ్జెక్టులోనే డిగ్రీ చేయాలని అమెరికన్ బార్ అసోసియేషన్ సిఫారసు చేయదు. కాబట్టి అమెరికా దారి పట్టదలచినవారు తమకు ఇష్టమైన, తాము రాణించగల డిగ్రీకి తగిన సబ్జెక్టులు ఎంచుకుంటే చాలు. ఇక్కడి నుంచి చెప్పబోయేది ప్రధానంగా పాఠశాల నుంచి నేరుగా లా కోర్సులో చేరదలచినవారి కోసం.

నిబంధనలు నిజంగా ఏమి అడుగుతాయి

అతి తక్కువ షరతులున్న నమూనాకు భారతదేశం మంచి ఉదాహరణ. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నియమాల ప్రకారం ఐదేళ్ల కోర్సుకు పన్నెండో తరగతి లేదా దానికి సమానమైన పరీక్షలో సాధారణ వర్గానికి 45 శాతం, ఓబీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. ఏ గ్రూపు అన్న ప్రస్తావన లేదు. సైన్సు, కామర్సు, ఆర్ట్స్ విద్యార్థులు అందరూ సమానమే. అయితే సబ్జెక్టుల గురించి పట్టింపు లేని ఆ నియమాలకు చదివిన పద్ధతి గురించి పట్టింపు ఉంది. దూరవిద్యలో పన్నెండో తరగతి చదివినవారు అర్హులే గానీ, కింది తరగతుల అర్హత లేకుండా నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయ పద్ధతిలో పై చదువు పూర్తి చేసినవారు అర్హులు కారు. ఏ గ్రూపు తీసుకోవాలా అని నెలల తరబడి తర్జనభర్జన పడేవారు ఈ రెండో షరతును గమనించకపోవడం తరచుగా జరుగుతుంది.

దీనికి భిన్నమైన నమూనా నైజీరియాది. అక్కడి విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష యూటీఎంఈలో ఇంగ్లిషుతో పాటు మరో మూడు సబ్జెక్టులు ఎంచుకోవాలి. లా కోరుకునేవారు ఆర్ట్స్, సాంఘికశాస్త్రాల నుంచి వాటిని ఎంచుకోవడం రివాజు. పాఠశాల చివరి పరీక్షలో ఇంగ్లిషులోనూ, ఆంగ్ల సాహిత్యంలోనూ క్రెడిట్ స్థాయి ఫలితం ఉండాలని అక్కడి లా విభాగాలు సాధారణంగా అడుగుతాయి. సైన్సు వైపు వెళ్లి సాహిత్యాన్ని వదిలేసిన విద్యార్థి ఎంత తెలివైనవాడైనా అక్కడ దరఖాస్తు దగ్గరే ఆగిపోవచ్చు.

ఈ రెండింటి నడుమ మిగిలిన వ్యవస్థలు రకరకాలుగా ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో పాఠశాల చివరి మూడేళ్లకు ఏడు సబ్జెక్టులు తీసుకోవాలి. రెండు భాషలు, గణితం లేదా దాని తేలిక రూపమైన మ్యాథమెటికల్ లిటరసీ, జీవన నైపుణ్యాలు నేర్పే లైఫ్ ఓరియెంటేషన్ తప్పనిసరి కాగా మూడు ఐచ్ఛికాలు. డిగ్రీ చదువుకు అర్హతనిచ్చే ఉత్తీర్ణత రావాలంటే లైఫ్ ఓరియెంటేషన్ కాకుండా నాలుగు సబ్జెక్టుల్లో కనీసం 50 శాతం రావాలి. ఆ నాలుగూ ఒక నిర్ణీత జాబితా లోనివే అయి ఉండాలన్న పాత షరతు 2018లో పోయింది. ఐర్లాండులో నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లాండ్ నిబంధనలు లా వంటి కోర్సులకు ఇంగ్లిషు, ఐరిష్‌తో పాటు మూడో భాషను కూడా అడుగుతాయి, అందువల్ల అక్కడ మూడో భాషను పదిహేనేళ్ల వయసులో వదిలేసిన విద్యార్థి తనకు తెలియకుండానే కొన్ని తలుపులు మూసుకున్నట్టే. జర్మనీలో అబిటుర్ అనే పాఠశాల చివరి పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి సబ్జెక్టులతో సంబంధం లేకుండా లా చదివే అర్హత ఉంటుంది, కాకపోతే గిరాకీ ఉన్నచోట సగటు గ్రేడు అడ్డుపడుతుంది. న్యూజిలాండులో కొన్ని విశ్వవిద్యాలయాలు మొదటి ఏడాది లా పేపరును ఎక్కువమందికి అందుబాటులో ఉంచి, అసలు వడపోతను రెండో ఏడాది ముందు చేస్తాయి. అలాంటిచోట పాఠశాల సబ్జెక్టుల కన్నా ఆ మొదటి ఏడాది పరీక్షల్లో వచ్చే మార్కులే నిర్ణయాత్మకం.

ఇంగ్లండు పరిస్థితి కాస్త విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ విద్యార్థి 'ఏ లెవెల్' (A Level) అనే పాఠశాల చివరి పరీక్షలకు సాధారణంగా మూడే సబ్జెక్టులు చదువుతాడు కనుక ఒక్కొక్క ఎంపికకూ బరువెక్కువ. ఆక్స్‌ఫర్డ్ వంటి విశ్వవిద్యాలయం కూడా లా కోర్సుకు ఫలానా సబ్జెక్టు కావాలని అడగదు. వ్యాసాలు రాయించే సబ్జెక్టు ఒకటి ఉంటే మేలని మాత్రం చెబుతుంది. కానీ జనరల్ స్టడీస్, క్రిటికల్ థింకింగ్ అనే సబ్జెక్టులు ఉన్న రోజుల్లో వాటిని లెక్కలోకి తీసుకోని విశ్వవిద్యాలయాలు చాలానే ఉండేవి. మూడు ఏ లెవెల్ సబ్జెక్టుల్లో రెండు మరీ దగ్గరివైతే వాటిని ఒక్కటిగానే చూసేవీ ఉన్నాయి. పదహారో ఏట రాసే జీసీఎస్ఈలో ఇంగ్లిషు, గణితాల గ్రేడులను కూడా చూస్తారు.

సొంత పట్టిక ఎలా తయారు చేసుకోవాలి

పై వివరాలన్నీ చదివాక తెలిసేదొక్కటే: దేశం పేరు చెప్పి అడిగే ప్రశ్నకు జవాబు దొరకదు, విశ్వవిద్యాలయం పేరు చెప్పి అడగాలి. అందుకే ఎంపిక పని చివరి నుంచి మొదలుపెట్టాలి. చేరాలనుకునే విశ్వవిద్యాలయాలు నాలుగో ఐదో రాసుకోండి. వాటిలో ఒకటి మీకు అందుతుందో లేదో అనిపించేదిగానూ, రెండు మూడు మీ మార్కులకు దగ్గరగానూ, ఒకటి తప్పక దొరుకుతుందనిపించేదిగానూ ఉండాలి. ప్రతి విశ్వవిద్యాలయానికీ తప్పనిసరి సబ్జెక్టులు, మెచ్చుకునే సబ్జెక్టులు, లెక్కలోకి తీసుకోని సబ్జెక్టులు, భాషలోనూ గణితంలోనూ కావలసిన కనీస స్థాయి, కింది తరగతుల ఫలితాలపై షరతులు, ప్రవేశ పరీక్ష అని గడులు గీసి, ఆ విశ్వవిద్యాలయం ప్రకటించిన ప్రవేశ వివరాల నుంచే నింపండి. ట్యుటోరియల్ సంస్థల ప్రకటనల నుంచి, ఎవరో చెప్పగా విన్నదాని నుంచి నింపవద్దు.

ఆ వివరాలు ఏ సంవత్సరం ప్రవేశాలకు సంబంధించినవో తప్పక చూడాలి. సబ్జెక్టులు ఎంచుకునే రోజుకూ డిగ్రీలో చేరే రోజుకూ మధ్య రెండు మూడేళ్ల ఎడం ఉంటుంది, ఈలోగా నిబంధనలు మారడం అరుదేమీ కాదు. బ్రిటన్‌లో పరిశోధనకు పేరున్న రస్సెల్ గ్రూపు విశ్వవిద్యాలయాలు ఎంతోకాలం ప్రచారంలో ఉంచిన అనుకూల సబ్జెక్టుల జాబితాను 2019లో వదిలేశాయి, అయినా ఆ జాబితాను ఇప్పటికీ నియమంలా వల్లించేవారున్నారు. భారతదేశంలో లా ప్రవేశ పరీక్ష క్లాట్ స్వరూపం 2020లో పూర్తిగా మారి, ప్రశ్నల సంఖ్య 2024 ప్రవేశాల పరీక్షతో మళ్లీ తగ్గింది. అమెరికాలోని లా స్కూలు ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ నుంచి తర్కక్రీడల (లాజిక్ గేమ్స్) విభాగాన్ని 2024 ఆగస్టులో తొలగించారు. నాలుగేళ్ల కింద లా కోర్సులో చేరిన అన్నయ్యో అక్కయ్యో చెప్పే మాట వారి కాలానికి నిజమే అయి ఉండవచ్చు. మీ సంవత్సరానికి అది చెల్లుతుందో లేదో మీరే సరిచూసుకోవాలి. సందేహం మిగిలితే ప్రవేశాల విభాగానికి ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబును భద్రపరచుకోండి. ఫోనులో విన్న హామీకి తర్వాత సాక్ష్యం ఉండదు.

పట్టిక పూర్తయ్యాక పని సులువవుతుంది. ఏ ఒక్క విశ్వవిద్యాలయమైనా తప్పనిసరి అన్న సబ్జెక్టు మీ ఎంపికలో ఉండాలి. ఏ ఒక్కటైనా లెక్కించనన్న సబ్జెక్టుకు మీ ముఖ్యమైన మూడు నాలుగు సబ్జెక్టుల్లో చోటివ్వకూడదు. ఈ రెండు కోతలు అయిపోయాక మిగిలేదంతా మీ స్వేచ్ఛ.

భాష విషయంలో రాజీ పడవద్దు

ఆ స్వేచ్ఛను వాడుకునేటప్పుడు మొదటి స్థానం బోధనా భాషకు ఇవ్వాలి. లా కోర్సును మీరు ఏ భాషలో చదవబోతున్నారో ఆ భాషను పాఠశాలలో అందుబాటులో ఉన్న అత్యున్నత స్థాయిలో చదవండి. న్యాయశాస్త్రంలో ప్రయోగశాల లేదు, పరికరాలు లేవు. చట్టంలో 'మరియు' అని ఉందా 'లేదా' అని ఉందా, 'చేయవలెను' అని ఉందా 'చేయవచ్చును' అని ఉందా అన్నదానిపై కేసు మొత్తం తిరిగిపోయే సందర్భాలు మొదటి ఏడాదిలోనే ఎదురవుతాయి. ఒక వాక్యాన్ని రెండు రకాలుగా చదవవచ్చని గుర్తించడం, ఆ రెండింటిలో ఒకటే ఎందుకు సరైనదో కారణాలతో రాయడం అక్కడ రోజువారీ పని. భాషా సబ్జెక్టులో తేలికైన స్థాయి, కఠినమైన స్థాయి అని రెండున్నచోట మార్కుల కోసం తేలికైనదానికి దిగితే కొన్ని విశ్వవిద్యాలయాల్లో అర్హతే పోతుంది, పోనిచోట కూడా మొదటి ఏడాది భారమవుతుంది.

భాషతో పాటు సాహిత్యం చదవడం వల్ల ఒక అదనపు లాభం ఉంది. ఒక పాత్ర అలా ప్రవర్తించడానికి కారణమేమిటో మూలపాఠంలోని వాక్యాలనే ఆధారంగా చూపి నిరూపించే అలవాటు, సాక్ష్యాన్ని బట్టి మాత్రమే మాట్లాడే న్యాయవాది అలవాటుకు చాలా దగ్గరిది. రెండో భాష కూడా వృథా పోదు. అంతర్జాతీయ న్యాయస్థానం అధికార భాషలు ఇంగ్లిషు, ఫ్రెంచి. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం తన లోపలి పని ఫ్రెంచిలో చేస్తుంది. అంతర్జాతీయ న్యాయశాస్త్రం వైపు మనసున్నవారు పాఠశాలలోనే మరో భాషను గట్టిగా పట్టుకుంటే తర్వాత పడే శ్రమ సగం తగ్గుతుంది. లాటిన్ చదవాలా అని అడిగేవారు ఇంకా ఉన్నారు. అవసరం లేదు, తీర్పుల్లో మిగిలిన లాటిన్ మాటలను లా కోర్సులోనే నేర్పుతారు.

గణితాన్ని వదలాలా?

లా చదవాలని నిర్ణయించుకోగానే విద్యార్థులు ఆనందంగా వదిలేసే సబ్జెక్టు గణితం. ఈ నిర్ణయం తీసుకునే ముందు కొంచెం ఆగడం మంచిది. ముందుగా అర్హత సంగతి: గణితానికి, దాని తేలిక రూపానికి మధ్య తేడా చూపే విశ్వవిద్యాలయాలున్నాయి, ముఖ్యంగా దక్షిణాఫ్రికాలో పదో తరగతిలో మ్యాథమెటికల్ లిటరసీ వైపు మళ్లినవారికి కొన్నిచోట్ల లా కోర్సు దొరకవచ్చు గానీ, కామర్సుతో కలిసిన లా కోర్సులు దూరమవుతాయి. తర్వాత పోటీ సంగతి: ఐర్లాండులో లా కోర్సు ఉన్నత స్థాయి గణితాన్ని అడగకపోయినా, ఆ స్థాయిలో నిర్ణీత గ్రేడు తెచ్చుకున్నవారికి 25 పాయింట్లు అదనంగా కలుస్తాయి. ఆరు ఉత్తమ సబ్జెక్టుల నుంచి లెక్కించే మొత్తంలో ఆ పాయింట్లు సీటును తేల్చవచ్చు. భారతదేశంలో క్లాట్ పరీక్షలో పరిమాణాత్మక నైపుణ్యాల విభాగం ఉంటుంది, అయితే దానికి పదో తరగతి గణితం సరిపోతుంది.

ఇక వృత్తిలో గణితం అవసరమా అన్న ప్రశ్నకు ఒక కేసు చాలు. ఇంగ్లండులో 1999లో శాలీ క్లార్క్ అనే మహిళకు, స్వయంగా సొలిసిటర్ (ఒక తరహా న్యాయవాది) అయిన ఆమెకు, తన ఇద్దరు పసిబిడ్డలను చంపిందన్న నేరంపై శిక్ష పడింది. అలాంటి కుటుంబంలో ఇద్దరు శిశువులు సహజంగా హఠాన్మరణం పాలయ్యే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి అని ఒక వైద్య నిపుణుడు విచారణలో చెప్పాడు. ఒక శిశువు అలా మరణించే అవకాశం 8,543లో ఒకటి అన్న అంకెను దానితోనే గుణించగా వచ్చిన లెక్క అది. ఒకే కుటుంబంలో ఒకే జన్యువుల మధ్య, ఒకే ఇంట్లో జరిగిన రెండు మరణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుంటేనే అలా గుణించడం చెల్లుతుంది. పైగా ఆ అంకె సరైనదే అనుకున్నా, అది తల్లి నిర్దోషి అయ్యే అవకాశాన్ని చెప్పదు. ఒకే తల్లి ఇద్దరు బిడ్డలను చంపడం కూడా అత్యంత అరుదే కనుక, రెండు అరుదైన సంఘటనలను పక్కపక్కన పెట్టి పోల్చవలసి ఉంటుంది. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో ఈ లెక్కను బహిరంగంగా తప్పుబట్టింది. శిక్ష 2003లో రద్దయింది. రద్దుకు ప్రధాన కారణం అంతకు ముందు బయటపెట్టని వైద్య పరీక్షల ఫలితాలు. అయినా ఆ లెక్క జ్యూరీ ముందుకు వచ్చిన తీరును కూడా అప్పీలు కోర్టు విమర్శించింది. అక్కడ కావలసివచ్చినది ఉన్నత గణితం కాదు, సంభావ్యతలో తొలి పాఠం. కాబట్టి గణితం వదలవలసి వచ్చినా, గణాంకశాస్త్రం విడిగా దొరికే పాఠశాలలో దాన్ని తీసుకోవడం తెలివైన పని.

పాఠశాలలో లా సబ్జెక్టు ఉంటే తీసుకోవాలా?

ఇంగ్లండులో 'ఏ లెవెల్' సబ్జెక్టుల్లో న్యాయశాస్త్రం (లా) కూడా ఉంది. భారతదేశంలో సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో లీగల్ స్టడీస్ ఉంది. ఫ్రాన్సులో చివరి ఏడాది విద్యార్థులకు న్యాయం, సమకాలీన ప్రపంచ సమస్యలు అన్న ఐచ్ఛికం ఉంది. వీటిని చదవడం వల్ల చట్టం అంటే మీకు నిజంగా ఆసక్తి ఉందో లేదో తేలుతుంది, ఆ లాభం చిన్నదేమీ కాదు. అయితే లా డిగ్రీకి ఇవి తప్పనిసరి కావు. విశ్వవిద్యాలయం మొదటి ఏడాది పాఠాలు ఏమీ తెలియనివారిని దృష్టిలో పెట్టుకునే మొదలవుతాయి. రెండు సబ్జెక్టుల మధ్య ఊగిసలాడుతూ, వాటిలో ఒకటి లా అయినంత మాత్రాన అటే మొగ్గడం సరికాదు. చరిత్రలో మీకు తొంభై, లాలో డెబ్బై వచ్చేటట్టయితే చరిత్రే తీసుకోండి.

చరిత్ర గురించి నాకు కొంత పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. ఒకే సంఘటన గురించి పరస్పరం విభేదించే రెండు పత్రాలను ముందు పెట్టుకుని, ఏది ఎవరు ఎప్పుడు ఎందుకు రాశారో చూసి, దేన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చే అభ్యాసం మరే పాఠశాల సబ్జెక్టులోనూ అంతగా దొరకదు. రాజనీతిశాస్త్రం రాజ్యాంగ చట్టానికి నేపథ్యాన్నిస్తుంది. అర్థశాస్త్రం కంపెనీ చట్టంలోనూ, పోటీ చట్టంలోనూ పనికివస్తుంది. అకౌంటెన్సీ పన్నుల చట్టంలో అక్కరకొస్తుంది. తత్వశాస్త్రమో తర్కశాస్త్రమో దొరికితే అదృష్టమే.

సైన్సు విద్యార్థులు తాము తప్పుదారిలో ఉన్నామని అనుకోనక్కరలేదు. మేధోసంపత్తి హక్కుల్లో ఒక ముఖ్యమైన శాఖకు సైన్సు లేకుండా ప్రవేశమే లేదు: భారతదేశంలో పేటెంటు ఏజెంటు పరీక్ష రాయాలంటే సైన్సు, ఇంజినీరింగ్ లేదా సాంకేతిక డిగ్రీ ఉండాలి, అమెరికాలో పేటెంటు కార్యాలయం ముందు వృత్తి చేయడానికి, ఐరోపా పేటెంటు ప్రతినిధుల పరీక్షకు కూడా శాస్త్ర సాంకేతిక అర్హత కావాలి. రసాయనశాస్త్రం అంటే ప్రాణం పెట్టే విద్యార్థి దాన్ని వదిలేసి లా వైపు రావడం కన్నా, దాన్ని వెంటబెట్టుకుని రావడమే మంచిది.

ప్రవేశ పరీక్షలు పరీక్షించేది వేరు

చాలా చోట్ల సీటును తేల్చేది ప్రవేశ పరీక్ష. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ సహా కొన్ని విశ్వవిద్యాలయాలు అడిగే ఎల్‌నాట్ 2 గంటల 15 నిమిషాల పరీక్ష. మొదటి భాగంలో పాఠ్యభాగాలు చదివి 95 నిమిషాల్లో 42 బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబులివ్వాలి, రెండో భాగంలో మూడు అంశాల నుంచి ఒకటి ఎంచుకుని 40 నిమిషాల్లో వ్యాసం రాయాలి. భారతదేశంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కోసం పెట్టే క్లాట్‌లో 2 గంటల్లో 120 ప్రశ్నలుంటాయి. ఇంగ్లిషు, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, పరిమాణాత్మక నైపుణ్యాలు అని ఐదు విభాగాలు. ప్రతి తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ఐలెట్ పేరుతో విడిగా పరీక్ష నిర్వహిస్తుంది.

వీటిలో దేనికీ చట్టం ముందే తెలిసి ఉండనక్కరలేదు. న్యాయ తర్కం విభాగంలో కూడా సూత్రాన్ని పాఠ్యభాగంలోనే ఇచ్చి, దాన్ని ఒక కొత్త సందర్భానికి అన్వయించమంటారు. అంటే వేగంగా, తప్పు లేకుండా చదవడమే అక్కడ పరీక్ష. ఎల్‌నాట్‌లోనైతే దానికి వ్యాసం కూడా తోడవుతుంది. వ్యాసాలు రాయించే సబ్జెక్టు ఒకటైనా ఉండాలని నేను అనడానికి కారణం ఇదే. మీ ఎంపికలో అన్నీ చిన్న జవాబుల సబ్జెక్టులే ఉంటే, రాత అభ్యాసం వేరే దారిలో సంపాదించాలి. ఇంటర్నేషనల్ బాకలారియెట్ అనే అంతర్జాతీయ పాఠశాల కోర్సు విద్యార్థులకు 4,000 పదాల ఎక్స్‌టెండెడ్ ఎస్సే ఉంటుంది. ఇంగ్లండు విద్యార్థులు సుమారు 5,000 పదాల పరిశోధన వ్యాసంతో ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్టు చేయవచ్చు. సైన్సు, గణితం ప్రధానంగా చదివేవారు ఆ అవకాశాన్ని న్యాయసంబంధమైన ప్రశ్న మీద వాడుకుంటే, దరఖాస్తులో ఆసక్తికి ఆధారం కూడా దొరుకుతుంది.

కూర్పు, మార్కులు

విశ్వవిద్యాలయం చివరకు చూసేది అంకెలు లేదా గ్రేడులు. కఠినమైన సబ్జెక్టు తీసుకున్నందుకు ఇచ్చే మెప్పు కన్నా, వచ్చిన తక్కువ గ్రేడు వల్ల జరిగే నష్టమే చాలా వ్యవస్థల్లో ఎక్కువ. ఆస్ట్రేలియాలో సబ్జెక్టును బట్టి మార్కులను సవరించి ర్యాంకు కడతారు కనుక అక్కడ కఠినత్వానికి కొంత విలువ దక్కుతుంది, కానీ ఆ సవరణను నమ్ముకుని రాని సబ్జెక్టు తీసుకోవడం మంచిది కాదు.

మూడు సబ్జెక్టులే తీసుకునే వ్యవస్థలో నేను సూచించే కూర్పు ఇది: సుదీర్ఘమైన వ్యాసాలు రాయించేవి రెండు, వాటికి పూర్తిగా భిన్నమైన ఆలోచనా విధానం నేర్పేది ఒకటి. చరిత్ర, సాహిత్యం, గణితం అన్నది అలాంటి కూర్పు. రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, జీవశాస్త్రం కూడా అంతే. మూడూ వ్యాసాల సబ్జెక్టులే తీసుకున్నవారికి పరీక్షల నెలలో చదవవలసింది, రాయవలసింది ఒక్కసారిగా మీద పడుతుంది; తట్టుకోగలమన్న నమ్మకం ఉంటేనే అటు వెళ్లాలి. ఆరేడు సబ్జెక్టులు తీసుకునే వ్యవస్థల్లో ఇంత లెక్క అక్కరలేదు, తప్పనిసరి సబ్జెక్టులే సగం సమతూకం తెచ్చిపెడతాయి. ఎంచుకోవడానికి మిగిలే రెండు మూడింటిలో ఒకటి రాతకు, ఒకటి మార్కులకు అనుకుంటే సరిపోతుంది. స్నేహితులు తీసుకున్నారని, ఒక ఉపాధ్యాయుడు నచ్చాడని ఎంచుకున్నవారు ఆ ఉపాధ్యాయుడు బదిలీ అయ్యాక బాధపడటం కద్దు.

ఇప్పటికే ఎంచుకున్నవారు

సబ్జెక్టులు ఖాయమయ్యాక లా మీద మనసు మళ్లినవారు ముందుగా తమ పాఠశాలలో మార్పుకు గడువు ఉందో లేదో అడగాలి. చాలా చోట్ల విద్యాసంవత్సరం మొదటి కొన్ని వారాల్లో మార్చుకోనిస్తారు. గడువు దాటితే పట్టిక మళ్లీ తీసి, ఇప్పుడున్న సబ్జెక్టులతో ఏ విశ్వవిద్యాలయాలు మిగులుతున్నాయో చూడాలి. చాలా సందర్భాల్లో అనుకున్నదానికన్నా ఎక్కువే మిగులుతాయి. తప్పనిసరి సబ్జెక్టు ఒక్కటే తక్కువైతే, దాన్ని ప్రైవేటుగా ఒక్క పేపరుగా రాసే వీలు ఆ బోర్డులో ఉందేమో, అలా రాసిన ఫలితాన్ని మీరు కోరుకునే విశ్వవిద్యాలయం అంగీకరిస్తుందో లేదో కనుక్కోవాలి. రెండోది అడగకుండా మొదటిదానికి ఫీజు కట్టవద్దు.

అదీ కుదరకపోతే డిగ్రీ తర్వాతి దారులున్నాయి. భారతదేశంలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా సరే, పైన చెప్పిన మార్కుల శాతం ఉంటే చాలు. ఇంగ్లండులో 2021 సెప్టెంబరులో సొలిసిటర్స్ క్వాలిఫైయింగ్ ఎగ్జామినేషన్ మొదలైన నాటి నుంచి, ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉన్నవారు ఆ పరీక్షలు నెగ్గి, రెండేళ్ల అర్హమైన పని అనుభవం సంపాదించి, నడవడిక పరిశీలనలో నిలిస్తే సొలిసిటర్ కావచ్చు. ఆ దారి ఎంచుకునేవారు ఇప్పుడు చేతిలో ఉన్న సబ్జెక్టులతో ఏ మొదటి డిగ్రీలో ఎక్కువ మార్కులు తెచ్చుకోగలరో దాన్నే చూసుకోవాలి.